హోర్డింగెక్కని పిల్లలు

పదో తరగతి ఫలితాల్లో కర్నూలు జిల్లా ఎవరికీ తీసిపోని సంవత్సరాలు ఈమధ్య రెండున్నాయి. ఒకటి 2020, ఇంకొకటి 2021. ఆ రెండేళ్లూ కరోనా వల్ల పరీక్షలు జరగలేదు, అందరినీ పాస్ చేశారు. కృష్ణా జిల్లాకు నూటికి నూరైతే మనకూ నూటికి నూరే. ఇంతటి సమానత్వాన్ని ఓర్చుకోలేక మళ్లీ పరీక్షలు పెట్టారు. 2023లో 60.39 శాతంతో రాష్ట్రంలో చివరన నిలిచింది నంద్యాల జిల్లా. 2024లో 62.47 శాతంతో చివరన నిలిచింది కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్ దాకా ఈ రెండూ ఒకటే జిల్లా గనక, ఆస్తులన్నీ పంచుకున్నాక ఈ చివరి స్థానాన్ని మాత్రం ఉమ్మడిలోనే ఉంచుకుని ఏడాదికొకరు అనుభవించారనుకోవాలి. ఆ రెండేళ్లూ మొదటి స్థానం ఎవరిదని చూస్తే విజయవాడ ఉన్న జిల్లాదీ కాదు, గుంటూరుదీ కాదు. పార్వతీపురం మన్యానిది. 2024లో అక్కడ 96.37 శాతం పాసయ్యారు. సరే, గిరిజన జిల్లాల గాలిలోనే ఏదో మహత్తు ఉందనుకుందామంటే, 2025లో అదే గాలి వీచే అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో అట్టడుగుకు చేరింది. శాతాలు చూసి పిల్లల్ని బడిలో వేయాలనుకునేవాళ్లు మొదట ఏ జిల్లాకు కాపురం మార్చాలో తేల్చుకోలేక, మార్చి దాకా ఆగి, మళ్లీ మరుసటేడు శాతాలు చూడాల్సి వస్తుంది.

అంత ఓపిక ఎవరికీ ఉండదు. అయిదో తరగతి అయిపోతుందనగానే ఇంట్లో వాళ్లకు, పక్కింటివాళ్లకు, పెళ్లిళ్లలో కలిసిన దూరపు చుట్టాలకు ఒకటే ప్రశ్న: "యాడ జేర్పిస్తాండావప్పా పిల్లోన్ని?" దానికి జవాబు కోసం తల ఎత్తితే కర్నూలు రాజ్‌విహార్ దగ్గరా, కడప ఏడు రోడ్ల కూడలిలోనూ ఆకాశం కనపడదు. నవ్వుతున్న పిల్లల మొహాలు, మొహం కింద మార్కులు, మార్కుల కింద ఫోన్ నంబరు కనపడతాయి. ఆ నంబరుకు ఫోన్ చేయాల్సిన శ్రమ కూడా లేదు. సంక్రాంతి దాటితే పీఆర్వోలే ఇంటికొస్తారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హోర్డింగు మీద ఉన్న మొహాలు ఆ బడి ఎట్లా చదువు చెబుతుందో తెలపవు. ఆ బడి ఎట్లాంటి పిల్లల్ని ఏరుకుందో తెలుపుతాయి. జిల్లా శాతమూ అంతే, బడుల సంగతి సగమే చెబుతుంది. తక్కిన సగం ఆ బడుల్లో ఎవరి పిల్లలు కూర్చున్నారన్నది. కాబట్టి ఆరో తరగతికి బడి వెతికే తల్లిదండ్రులు ఫ్లెక్సీలో ఉన్న పిల్ల గురించి కాక, ఫ్లెక్సీ ఎక్కని పిల్లవాడి గురించి ఆరా తీయాలి. ఎందుకంటే మనలో నూటికి తొంభై తొమ్మిదిమందికి పుట్టింది వాడే.

ముందు శాతాల లెక్క చూద్దాం. పశ్చిమ కర్నూలులో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హాలహర్వి మండలాల్లో వాన మొహం చాటేసిన ఏడు ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపో తెలంగాణ వైపో బండి కడతాయి. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదలాలి, లేకుంటే వెంటబెట్టుకుపోవాలి. ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతుంది, కొందరు నిలుస్తారు, కొందరు బస్సెక్కుతారు. పదో తరగతి పరీక్షలు మార్చిలో. మిరప కోతలూ సరిగ్గా అప్పటిదాకానే. పరీక్షల తేదీలు వేసేవాళ్లు మిరపతోటను సంప్రదించరు, మిరపతోట హాల్‌టికెట్టు అడగదు. అట్లాంటి ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల సారు సాక్షాత్తూ భాస్కరాచార్యుడే అయినా, క్లాసులో లేని పిల్లవాడికి లెక్క చెప్పే విద్య ఆయనకు రాదు. అదే సారును తీసుకొచ్చి కర్నూలు వెంకటరమణ కాలనీలో, అమ్మ టీచరూ నాన్న బ్యాంకు మేనేజరూ అయిన ముప్పైమంది పిల్లల ముందు నిలబెట్టండి. ఏడాది తిరిగేసరికి నూటికి నూరు శాతం, సారుకు శాలువా. సారు మారలేదు, చాక్‌పీసు మారలేదు. అయినా మనం మొదటి బడిని చెడ్డదనీ రెండోదాన్ని మంచిదనీ తీర్మానించి, రెండోదానికి ఫీజు కడతాం.

హోర్డింగు ఈ పనినే ఇంకా నేర్పుగా చేస్తుంది. పదో తరగతికి పదేళ్లపాటు గ్రేడులిచ్చి, 2022లో మళ్లీ మార్కులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ర్యాంకులు వేసుకుని ప్రకటనలు ఇవ్వరాదని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. ఇస్తే 1997 నాటి పరీక్షల అక్రమాల నిరోధక చట్టం కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు అన్నది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా! ఆ ఉత్తర్వును అక్షరాలా అమలు చేస్తే కడప సెంట్రల్ జైలులో పెద్ద టెక్నో స్కూలే నడపొచ్చు, సిబ్బందికి కొరత ఉండదు. తెలివైనవాళ్లు ఏం చేశారంటే, ర్యాంకు అన్న మాట తీసేసి మార్కులు ఉంచారు. 600కు 590 పైన ఉన్న మొహాలన్నీ పేర్చుకుంటూ పోయారు. ఆ మొహాల్లో ఎన్ని కర్నూలు బ్రాంచివో, ఎన్ని ఏ సముద్రతీరం బ్రాంచివో చెప్పే అక్షరాలు ఆవగింజంత ఉంటాయి. బైకు మీద పోయేవాడు అవి చదవాలంటే ఆపి దిగాలి, దిగితే వెనక ఆటోవాడు తిడతాడు. పైన మొహాలుంటాయి, కింద ఉండాల్సిన అంకె ఉండదు. మొత్తం ఎంతమంది పరీక్ష రాశారు? లెక్కల్లో హారం లేకుండా భిన్నం రాసిన పిల్లవాడికి ఆ బడిలోనే సున్నా వేస్తారు. అదే బడి తన గురించి రాసుకునేటప్పుడు హారం ఎప్పుడూ రాయదు. ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ 595 మార్కుల పిల్ల ఆరో తరగతి నుంచీ అక్కడే ఉందా? లేక తొమ్మిదిలో ఇంకో బడిలో మొదటి స్థానంలో ఉన్నప్పుడు ఫీజు మాఫీ చేసి పిలుచుకొచ్చారా? వేరే సారు నాలుగేళ్లు చెప్పిన చదువుకు చివరి ఏడాది యూనిఫాం మాత్రమే వీళ్లు కుట్టించి ఉంటే, ఆ మొహం పక్కన వేయాల్సింది దర్జీ పేరు.

పిల్లల్ని వరసలో నిలబెట్టి వెల కట్టే పద్ధతి మనకు కొత్తగా వచ్చింది కాదు. మద్రాసు గవర్నరు మన్రో 1822లో దేశవాళీ బడుల లెక్క తీయమని కలెక్టర్లను అడిగాడు. కర్నూలు అప్పటికి ఇంకా నవాబు చేతిలో ఉంది గనక ఆ లెక్కలోకి రాలేదు. కానీ ఈనాటి ఆదోని, ఆలూరు అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం, 1953లో గదా మనలో కలిశాయి. ఆ బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని రాశాడు. ఆ వీధిబడుల్లో పొద్దున్నే జరిగే తతంగం కూడా రాశాడు. అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా చుడతారు, అంటే మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒకటి పెరుగుతూ పోతుంది. ఇందులో క్రూరత్వం ఉంది, కాదనను. కానీ రెండు సంగతులు గమనించండి. ఆ అయ్యవారు చివరివాడిని కూడా లెక్కలో పెట్టాడు. పన్నెండోవాడు పదో దెబ్బ తింటూ కూడా తాను పన్నెండోవాణ్నని తెలుసుకున్నాడు, ఊరికీ తెలిసింది. ఇప్పటి బడి మొదటివాడిని ఊరంతా చూపించి, పన్నెండోవాడి సంగతి తల్లిదండ్రుల మీటింగులో చెవిలో చెబుతుంది, దెబ్బ మాత్రం ఫీజు రూపంలో నాన్నకు పడుతుంది. రెండో సంగతి, ఆ రోజుల్లో మొదటి ర్యాంకు ఎవరికొచ్చేది? బడి పక్కన ఇల్లున్నవాడికి. రెండువందల ఏళ్ల కిందటి ఆ ర్యాంకు పద్ధతిలో ఇప్పటికీ పనికొచ్చే పాఠం అదొక్కటే. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

బడి గొప్పతనం వేరు, బడి ఏరుకున్న పిల్లల గొప్పతనం వేరు అన్న ఈ మాటను ఎవరైనా పరీక్షించి చూశారా అంటే, చూశారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే చూశారు. 2008 నుంచి నాలుగేళ్లపాటు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 180 ఊళ్లలో ఒక ప్రయోగం చేశారు. ప్రైవేటు బడి ఫీజు తామే కడతామని ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ వేశారు. లాటరీలో తగిలినవాళ్లు ప్రైవేటుకు పోయారు, తగలనివాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఇంటి పరిస్థితి, తల్లిదండ్రుల చదువు రెండు వైపులా ఒకటే, తేడా అదృష్టం ఒక్కటే. నాలుగేళ్లయ్యాక చూస్తే తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులూ సమానం. మరి ప్రైవేటుకు పోయినందుకు ఏమీ రాలేదా అంటే, వచ్చింది. హిందీ వచ్చింది. ప్రభుత్వ బడిలో ఆ వయసుకు పెద్దగా చెప్పని హిందీని ప్రైవేటులో చెప్పారు, పిల్లలు నేర్చుకున్నారు. న్యాయంగా ఇంకో మాట చెప్పాలి. ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వం పెట్టేదాంట్లో మూడో వంతు కూడా లేదు. తక్కువ డబ్బుతో అదే ఫలితం తెచ్చారంటే అది వాళ్ల సామర్థ్యమే, ఎక్కువగా టీచర్ల జీతాల్లో చూపించిన సామర్థ్యం. అయితే ఆ ప్రయోగం చిన్న తరగతుల పిల్లల మీద, పల్లెటూరి ప్రైవేటు బడుల మీద జరిగింది. హైస్కూలుకు ఎట్లా వర్తిస్తుందని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ల కోసం అమెరికాలో ఇంకోటి చేశారు. బోస్టన్‌లో, న్యూయార్క్‌లో ప్రవేశ పరీక్షతో సీట్లిచ్చే పేరుమోసిన ప్రభుత్వ హైస్కూళ్లున్నాయి. అక్కడ కటాఫ్‌కు కాస్త పైన ఉండి సీటు దొరికినవాళ్లనూ, కాస్త కింద ఉండి దొరకనివాళ్లనూ పోల్చి చూస్తే, తర్వాతి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని 2014లో అచ్చయిన పరిశోధన తేల్చింది. అంటే ఆ బడుల్లో మెరికలు ఉన్న మాట నిజం. వాళ్లు గేటు లోపలికి వచ్చేటప్పుడే మెరికలు. మన బనవాసి నవోదయనే తీసుకోండి. అయిదో తరగతి పిల్లలు రెండు గంటల్లో 80 ప్రశ్నలు రాసి, వేలమందిలో నెగ్గి అక్కడికి చేరతారు. బనవాసి మంచి బడే, నాకు అనుమానం లేదు. కానీ అంత జల్లెడ పట్టాక దొరికిన పిల్లలు పదో తరగతి పాసయ్యారని ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నింటికంటే బరువైనది ఐఐటీ ఫౌండేషన్. ఆరో తరగతిలోనే పునాది వేయకపోతే ఇంటర్‌లో పిల్లవాడు కూలిపోతాడని పీఆర్వో చెబితే, పక్కన కూర్చున్న అమ్మ గుండెలో అప్పుడే పగుళ్లు వస్తాయి. కడప జిల్లావాళ్లకు ఈ విషయంలో రాష్ట్రంలో ఎవరికీ లేని అనుభవం ఉంది. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో పునాదిరాయి వేశారు. 2018 డిసెంబరులో మైలవరం మండలం కంబాలదిన్నెలో ఇంకొకటి. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో మరొకటి. 2023 ఫిబ్రవరిలో మళ్లీ. ఇన్ని పునాదులు చూసిన జమ్మలమడుగు తాలూకా తండ్రి, ఫౌండేషన్ పేరుతో ఏడాదికింతని అడిగితే కనీసం ఇనుము ఎప్పుడు కరుగుతుందని అడగాలి గదా. అడగడు, చెక్కు రాస్తాడు. పదకొండేళ్ల పిల్లవాడికి లెక్కల్లో పునాది అంటే భిన్నాలు, దశాంశాలు, శాతాలు బాగా రావడం. అవి ఆరో తరగతి ప్రభుత్వ పాఠ్యపుస్తకంలోనే ఉన్నాయి. ఫౌండేషన్ పుస్తకంలో అవి కాస్త తొందరగా దాటించి, పై తరగతి లెక్కలు పెడతారు. భిన్నాలు రానివాడికి పై లెక్కలు రావు, వచ్చినవాడికి ఎక్కడైనా వస్తాయి. ఇంకో విచిత్రం మన ఇంటి ముందే ఉంది. వేంపల్లె పక్కన ఇడుపులపాయలో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ నడుస్తోంది, పదో తరగతి ఫలితాల మీదే ఆరేళ్ల ఇంజనీరింగు సీటు. గ్రేడుల కాలంలో హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు అక్కడ 0.4 పాయింట్లు కలిపేవారు. ప్రైవేటులో పదికి పది తెచ్చుకున్నవాడు పదితోనే ఆగిపోయేవాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.8 తెచ్చుకున్నవాడు 10.2 అయ్యేవాడు. ఇంజనీరింగు కోసమని అయిదేళ్లు ఫీజు కట్టి, చివరికి ఇంజనీరింగు సీటు దగ్గర 0.4 పోగొట్టుకున్న కుటుంబాల లెక్క ఎవరూ హోర్డింగు మీద వేయలేదు.

రెండో అభ్యంతరం సావాసం. మంచి పిల్లల మధ్య ఉంటే మనవాడూ బాగుపడతాడు గదా అంటారు. ఇందులో నిజం ఉంది, పూర్తిగా కొట్టేయలేను. బూతులు రాని పిల్లల మధ్య బూతులు ఆలస్యంగా వస్తాయి. అయితే పెద్ద బడిలో చేరినంత మాత్రాన మంచి పిల్లల పక్కన చోటు దొరుకుతుందని ఎవరు చెప్పారు? నెల పరీక్షల మార్కులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టే చోట, ఫ్లెక్సీ ఎక్కబోయే పిల్లలంతా ఒక గదిలో, మంచి సారూ ఆ గదిలోనే. మనవాడు ఆరో సెక్షన్లో, ఆర్నెల్లకోసారి మారే సారు ముందు, తనలాంటి నలభైమంది మధ్య కూర్చుంటాడు. ఆ గదిలో సావాసం ఎట్లా ఉంటుందో, వీధి చివర బడిలోనూ అట్లాగే ఉంటుంది, బస్సు ఖర్చు లేకుండా. ఇక ఇంగ్లీషు సంగతి. 2019లో ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం అన్నప్పుడు జరిగిన గొడవ అందరికీ గుర్తుంది, హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసింది, అయినా మీడియం వచ్చేసింది. ఇప్పుడు రెండు వైపులా పుస్తకం ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, జవాబు బట్టీలో. ఒక్క తేడా, ప్రైవేటులో తెలుగు మాట్లాడితే కోప్పడతారు. ఆ కోప్పడటం కూడా ఎక్కువగా తెలుగులోనే జరుగుతుంది.

ఇదంతా విని ప్రభుత్వ బడుల అభిమానులు నన్ను తమవాడనుకుంటే పొరపాటు. వాళ్లకూ ఒక హోర్డింగు ఉంది, ఫ్లెక్సీ లేదంతే. పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య కర్నూలు మునిసిపల్ హైస్కూల్లో చదివి 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు గదా అంటారు. అయ్యాడు. ఆయన ప్రతిభ అంతటిది. ఆయనతోపాటు ఆ బెంచీ మీద కూర్చున్న తక్కినవాళ్ల సంగతి ఎవరైనా చెబితే ఆ బడి గురించి మాట్లాడదాం. హారం లేని భిన్నం ఎవరు రాసినా తప్పే. పైగా ప్రభుత్వ బడిలో చేర్పించేవాళ్లకు మరో చిక్కుంది. ఆరు నుంచి పది దాకా అయిదేళ్లు. ప్రభుత్వం కాలం కూడా అయిదేళ్లే. ఒక ప్రభుత్వంలో ఆరులో చేరినవాడు ఇంకో ప్రభుత్వంలో పది రాస్తాడు. వెయ్యి ప్రభుత్వ బడులకు సీబీఎస్ఈ గుర్తింపు తెచ్చారు, తల్లిదండ్రులు ఆ నాలుగు అక్షరాలు పలకడం నేర్చుకునేలోగా 2024లో ప్రభుత్వం మారి, పదో తరగతికి మళ్లీ రాష్ట్ర బోర్డు పరీక్షే అన్నారు. సంచి మీద పేరు మారింది, పథకం పేరు మారింది, సిలబస్ పేరు మారింది. మారనిది ఒక్కటే, పోస్టు ఖాళీగా ఉన్న చోట ఆ సబ్జెక్టు. అది ఏ ప్రభుత్వంలోనైనా ఎవరూ చెప్పరు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల మీటింగు పెట్టి, కడప మునిసిపల్ హైస్కూలుకు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చినప్పుడు జనం బాగానే వచ్చారు. మామూలు నెలలో లెక్కల సారు ఒక్కడే కూర్చుని ఎదురుచూసే మీటింగుకు అందులో పదోవంతు మంది వచ్చినా ఆ బడి బాగుపడుతుంది. సారుకు మాత్రం అంత ఆకర్షణ లేదు.

ఫీజుల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే కట్టేవాళ్లకు నాకంటే బాగా తెలుసు. 1994 జనవరి ఒకటో తేదీన వచ్చిన జీవో ప్రకారం ప్రైవేటు బడి వసూలు చేసిన ఫీజులో సగం టీచర్ల జీతాలకే పోవాలి, యాజమాన్యానికి మిగలాల్సింది అయిదు శాతం. అయిదు శాతం మిగులుతోనే ఒక అంతస్తు బడి మూడేళ్లలో అయిదు అంతస్తులైన చోట, ఆ యాజమాన్యాన్ని పిలిచి రాష్ట్ర బడ్జెట్ అప్పగించడం మేలు. 2021 ఆగస్టులో ప్రభుత్వం హైస్కూలు ఫీజుకు కట్టడి పెట్టింది: పంచాయతీల్లో 12,000, మునిసిపాలిటీల్లో 15,000, కార్పొరేషన్లలో 18,000 రూపాయలు. అదే డిసెంబరులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. బడులన్నిటికీ ఒకే ధర కట్టడం సబబు కాదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత ఫీజు ఎంతన్నది ఎవరి నిర్ణయమో ఎవరికీ తెలియకుండా పోయింది. యాగంటి బసవన్న పెరుగుతున్నాడని మన పెద్దలు చెబితే కంటికి కనపడక కొందరు నమ్మరు. స్కూలు ఫీజు విషయంలో ఆ అనుమానం ఎవరికీ రాదు.

మరి ఎక్కడ చేర్పించమంటావని అడిగితే, నేను ఏ బడి పేరూ చెప్పను, ఎక్కడ చూడాలో మాత్రం చెబుతాను. మొదటిది దూరం, క్యాంప్‌బెల్ దొర దగ్గర ఆపిన సంగతి. హైస్కూలు అయిదు కిలోమీటర్లలోపు ఉండాలన్నది ప్రభుత్వమే పెట్టుకున్న లెక్క. ఏప్రిల్ ఎండల్లో కర్నూలు, నంద్యాల వార్తల్లోకెక్కే సంగతి తెలిసిందే. ఆ ఎండలో పసుపుపచ్చ బస్సు ఊళ్లన్నీ తిరిగి గంటన్నర తర్వాత దించిన పిల్లవాడికి ఆ పూట ఏ ఫౌండేషనూ ఎక్కదు, నిద్ర ఎక్కుతుంది. రోజుకు మూడు గంటల ప్రయాణమంటే వారానికి పద్దెనిమిది గంటలు. బడి పక్కనే ఇల్లున్నవాడు ఆ పద్దెనిమిది గంటలు ఆడుకున్నా సరే, లాభమే. రెండోది, టీచర్లు నిలుస్తున్నారా అన్నది. పోయినేడు ఏడో తరగతికి లెక్కలు చెప్పినాయన ఈ ఏడు ఉన్నాడా, లేక అయిదు శాతం మిగులు కోసం ఇంకా తక్కువ జీతానికి ఇంకొకరు వచ్చారా? మూడోది నీళ్లు, మరుగుదొడ్డి, మైదానం. మన సీమలో నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా బిగబట్టుకున్న ఆడపిల్ల ఏ సీబీఎస్ఈ సిలబస్ చదివినా ఒకటే. నాలుగోది, అసలైనది. 600కు 420 వచ్చే పిల్లవాడికి ఆ బడి ఏం చేస్తుంది? 590 వచ్చే పిల్లను ఎవరూ చెడగొట్టలేరు, ఆ ఘనతను పంచుకోవడానికి పోటీపడతారంతే. 420 వాణ్ని 470కి తెచ్చిన సారు ఏ బడిలో ఉన్నాడో ఆ బడి మంచిది, అది జిల్లా పరిషత్‌దైనా, కోల్స్ మెమోరియల్ లాంటి పాత మిషన్ బడి అయినా, కొత్త టెక్నోదైనా.

ఇవన్నీ మనం అడిగితే చెబుతారా అన్నది చివరి అభ్యంతరం. చెప్పకపోవచ్చు. అయినా అడిగే హక్కు ఎవరిదో ఒకసారి చూడండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి దాకా బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లవాడికి పరీక్ష పెట్టడం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడం నిషేధం. పెడితే మొదటిసారి పాతికవేలు, ఆ తర్వాత ప్రతిసారీ యాభైవేల దాకా జరిమానా. అయినా మన ఊళ్లలో ఆరో తరగతి అడ్మిషన్ రోజున పిల్లవాడు ఒక గదిలో పరీక్ష రాస్తూంటాడు, అమ్మానాన్నలు ఇంకో గదిలో ఇస్త్రీ బట్టల్లో తమ చదువు, ఉద్యోగం, జీతం చెబుతూంటారు. చట్టం నిషేధించింది బడి మనల్ని ఇంటర్వ్యూ చేయడాన్ని. మనం బడిని ఇంటర్వ్యూ చేయడాన్ని చట్టం ఎక్కడా నిషేధించలేదు, జరిమానా కూడా లేదు. కాబట్టి రిసెప్షన్‌లో కూర్చోగానే మీరే మొదలుపెట్టండి. పోయినేడు పదో తరగతి ఎంతమంది రాశారమ్మా? వాళ్లలో ఆరు నుంచీ ఇక్కడే చదివినవాళ్లు ఎంతమంది? తప్పినవాళ్లను ఏం చేశారు? తొమ్మిదిలో మార్కులు తక్కువొచ్చాయని టీసీ ఇచ్చి పంపినవాళ్లున్నారా? లెక్కల సారు ఎన్నేళ్లుగా ఉన్నారు? ఈ అయిదింటికీ "ప్రిన్సిపాల్ సార్‌ను అడగాలండీ" అన్నదే జవాబైతే, ఆరోదిగా ఫీజు ఎంతని అడగండి. దానికి మాత్రం ఎవరినీ అడగకుండా అప్పటికప్పుడు చెబుతారు, రెండు వాయిదాల్లో కట్టొచ్చని కూడా చెబుతారు.